డాక్టరమ్మ కారుకు లేచిన బొబ్బలు

మా ఇంట్లో పండుగ ఎప్పుడొస్తుందో మరిచిపోయినా నాకు సూది ఎప్పుడు పడాలో ఎవరూ మరిచిపోయేవాళ్ళు కాదు. మూడు వారాలకోసారి బాపు నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని వరంగల్ కొత్తవాడ నుంచి సుబేదారి దాకా తొక్కేవాడు. పోయేటప్పుడు కాళ్ళు రెండూ చెరోవైపు వేసుకుని దర్జాగా కూర్చునేదాన్ని. వచ్చేటప్పుడు ఒక పక్కకు ఒరిగి, క్యారియర్ అంచు మీద వేలాడుతూ వచ్చేదాన్ని, ఎందుకంటే ఆ మందు ఎక్కిన చోటు మీద కూర్చోవడం ఎవరి తరమూ కాదు. సున్నం కలిపినంత చిక్కగా ఉండేది ఆ మందు. అయినా ఏడ్చేదాన్ని కాదు. ఏడిస్తే ఒళ్ళు కదిలి మందు సగమే లోపలికి పోతుందేమో, సగం మందుకు సగమే బతుకుతానేమో అని నా భయం. నేను పుట్టుకతోనే అట్లాంటి పిల్లని. చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే బెంగ.

పదేళ్ళప్పుడు గొంతు నొప్పితో మొదలైంది. గొంతు తగ్గింది గానీ మోకాలు వాచింది. మోకాలు తగ్గేలోపు చీలమండ, అది తగ్గేలోపు మోచెయ్యి. ఒళ్ళంతా ఎవరో తిరిగి తిరిగి ఇల్లు వెతుక్కుంటున్నట్టు ఉండేది. వాడలో అందరూ వాతమన్నారు. నూనెలు రాశారు, తాయెత్తు కట్టారు, ఉమ్మెత్తాకు వెచ్చజేసి కట్టారు. చివరికి సుబేదారిలో ఇంట్లోనే దవాఖాన పెట్టుకున్న ఒక డాక్టరమ్మ దగ్గరికి బాపు నన్ను భుజాన వేసుకుని పోయాడు. ఆమె నా రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "అదృష్టవంతురాలివే. గుండెకు ఇంకా ఏం కాలేదు" అంది. తర్వాత బాపు వైపు తిరిగి, "ఇది కీళ్ళ జ్వరం. కీళ్ళ వాపు దానంతటదే పోతుంది. కానీ మళ్ళీ మళ్ళీ వస్తే గుండె లోపలి కవాటాలు చెడిపోతాయి. అవి చెడితే నేనూ బాగుచెయ్యలేను, ఇంకెవరూ బాగుచెయ్యలేరు. మూడు వారాలకొక సూది, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా. ఒక్కటి కూడా తప్పకూడదు" అంది.

మా బాపు ఆ మాటలను వేదంలా పట్టుకున్నాడు. వాన పడ్డా, బంద్ జరిగినా, రంగు వేయాల్సిన లారీ షెడ్డులో నిలబడి ఉన్నా సూది తప్పలేదు. ఆ డాక్టరమ్మ కృష్ణా జిల్లా వైపు మనిషి. పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. ఫీజు మాటెత్తితే కసిరేది. ముందు చర్మం కింద కొంచెం మందు వేసి, పెన్నుతో చుట్టూ గుండ్రంగా గీసి, దద్దు వస్తుందేమో చూడ్డానికి నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టేది. ఆ గీతను నేను రెప్ప వేయకుండా చూస్తూ కూర్చునేదాన్ని. బాపు మాత్రం ఆమె గది గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆమెకు ఏదైనా చేయాలని ఆయనకు ఒకటే ఆరాటం. ఏం చేయాలో తోచేది కాదు.

బాపు బండ్లకు రంగులు వేసేవాడు. మాది నేతపని ఇల్లు. తాత మగ్గం మీదే పోయాడు. బాపుకు మాత్రం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం పడక, ములుగు రోడ్డులో ఒక లారీ బాడీ షెడ్డులో చేరి రంగుపని నేర్చుకున్నాడు. తర్వాత తనదే ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. లారీ వెనక పలక మీద ఆయన గీసిన నెమలిని చూడ్డానికి పిల్లలు ఆగేవాళ్ళు. "రంగంటె గీయనదే" అని డ్రైవర్లు అంటుంటే నేను పొంగిపోయేదాన్ని.

ఎనభైల మధ్యలో డాక్టరమ్మ ఒక కారు కొన్నది. హైదరాబాదులో ఎవరి దగ్గరో పాతది తెచ్చుకుంది. చిన్న కారు, రెండే తలుపులు, ఇనుము లేని ఒళ్ళు. ఫైబర్ అన్నారు. వేలితో కొడితే బకెట్టు చప్పుడయ్యేది. సుబేదారిలో దాన్ని అందరూ ప్లాస్టిక్ కారు అనేవాళ్ళు. పసుపు రంగు వెలిసి, అక్కడక్కడ గీరుకుపోయి ఉండేది. ఒక సూది రోజున బల్ల మీద కూర్చున్న బాపు ఉన్నట్టుండి లేచి, కారు చుట్టూ తిరిగి వచ్చి, డాక్టరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, జర నాకియ్యున్రి. కొత్తదాని లెక్క జేసి తెస్త."

"అది ఇనుము కాదయ్యా, ఫైబర్. నీకు అలవాటుందా?"

"రంగు రంగే గదమ్మా. కింద ఏముంటే ఏంది?"

ఆమె నవ్వింది. ముదురు నీలం రంగు అడిగింది. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు బాపు సైకిల్ మీద ఈల వేశాడు. నేను ఆయన ఈల వినడం అదే మొదటిసారి.

ఎండాకాలం సెలవులు కాబట్టి ఆ పనంతా నేను షెడ్డులో కూర్చుని చూశాను. నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో పాత రంగును రుద్దాడు. రుద్దుతూ నీళ్ళు పోస్తూ, పోస్తూ రుద్దుతూ, చివరికి తలుపుల అంచుల్లో పైపొర లేచిపోయి లోపలి గాజు నార కనిపించేదాకా రుద్దాడు. ఇనుమైతే తళతళలాడేదాకా రుద్దాలన్నది ఆయన పద్ధతి. తర్వాత పుట్టీ, దాని మీద అస్తరు అనే అడుగుపూత, దాని మీద గన్నుతో రంగు. ప్రతి పూతకూ కారును షెడ్డులోంచి బయటకు తోసి నడి ఎండలో పెట్టేవాడు. ఎండ మీద మా వాళ్ళకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. పడుగు నూలుకు గంజి పెట్టి వీధి పొడుగునా చాచి ఎండబెట్టిన వంశం మాది. గంజి పట్టిందంటే ఎండ వల్ల, నూలు గట్టిపడ్డదంటే ఎండ వల్ల. ఇనుప లారీలకూ ఆ ఎండే రంగును రాయి చేసేది. "మన వరంగల్ ఎండ కంటె పెద్ద భట్టీ ఏడున్నది?" అనేవాడు బాపు. ఆ గాజు నార గంజి తాగే నూలు కాదనీ, తాగిన నీళ్ళను లోపలే దాచుకుంటుందనీ, పైన రంగు మూత వేశాక ఆ నీళ్ళు బయటికి దారి వెతుక్కుంటాయనీ చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెబితే నాకు తెలిసింది. అప్పుడు ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్ళు ములుగు రోడ్డులో లేరు.

కారు మాత్రం చూడముచ్చటగా వచ్చింది. బానెట్ మీద వంగితే నా మొహం, నా జడ, వెనక షెడ్డు రేకులు కూడా కనిపించాయి. డాక్టరమ్మ మమ్మల్ని ఎక్కించుకుని సుబేదారి అంతా ఒక చుట్టు తిప్పింది. "నీ చేతిలో మహత్తుందయ్యా" అంది. బాపు వెనక సీట్లో ముడుచుకుని కూర్చుని మోకాళ్ళ మీది చేతులకేసి చూసుకున్నాడు. ఇంటికి వచ్చి అమ్మకు ఆ మాట మూడుసార్లు చెప్పాడు. అమ్మ నూలు కండెలు చుడుతూ, "ఇగ జాలు, దిష్టి దలుగుతది" అంది.

తొలకరి పడ్డాక వచ్చిన సూది రోజు అది. నా చేతి మీద గీత గీసి డాక్టరమ్మ లోపలికి పోయింది. బాపు అలవాటుగా కారు దగ్గరికి పోయాడు. వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది. ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిమరడం చూశాను. చెయ్యి ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆగింది. తర్వాత వంగి, కళ్ళు దాదాపు రంగుకు ఆనించి, అటు నుంచి ఇటు చూశాడు. నేను చెయ్యి కదలకుండా పట్టుకుని దగ్గరికి పోయాను. నీలం రంగు కింద ఆవగింజలంత, కందిగింజలంత బొబ్బలు. తలుపు అంచుల్లో గుంపులు గుంపులుగా ఉన్నాయి. గోరుతో ఒకదాన్ని బాపు నొక్కాడు. పగిలి, ఒక చుక్క పులిసిన నీళ్ళు వచ్చాయి. ఆయన ఆ వేలిని వాసన చూసుకుని, ఎవరైనా చూశారేమోనన్నట్టు లుంగీకి తుడుచుకున్నాడు.

ఆ రోజు డాక్టరమ్మ నాకు సూది వేస్తూ ఏదో అడిగితే బాపు నేల చూపులు చూశాడు. తల కొట్టేసినట్టు అంటారే, అచ్చం అట్లా ఉన్నాడు.  నాకు మందు నొప్పి కంటే ఆ చూపే ఎక్కువ గుచ్చుకుంది.

షెడ్డులో ఆ కారుదే విరిగిన బంపర్ ముక్క ఒకటి మిగిలింది. బాపు దాన్ని రుద్దాడు, రంగు వేశాడు, ఎండబెట్టాడు, నీళ్ళు చల్లాడు. నాలుగు రోజులకు దాని మీదా బొబ్బలు లేచాయి. మళ్ళీ గీకి మళ్ళీ వేశాడు. మళ్ళీ లేచాయి. లారీల పని పక్కకు పోయింది. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, ముద్ద నోటికి పోయేది కాదు. "జరంత తినవయ్యా, గా రంగు ఎటు వోతది" అని అమ్మ బతిమాలితే కసురుకునేవాడు. బజారులో నీలం బండి ఏది కనబడ్డా సైకిల్ దిగి సందులోకి తిరిగేవాడు. ఒకసారి నేను వెనక కూర్చుని ఉండగానే అట్లా తిరిగాడు. అది డాక్టరమ్మ కారు కాదు, ఏదో ఆఫీసు జీపు.

తర్వాతి సూది రోజు వచ్చింది. పొద్దున్నే జడ వేసుకుని గడప మీద కూర్చున్నాను.

"ఇయ్యాల కాదు బిడ్డా. డాక్టరమ్మ ఊరికి పోయిందట" అన్నాడు బాపు చెప్పులు వేసుకుంటూ.

"ఎప్పుడొస్తది?"

"వస్తది. ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అంటే ఆగే పిల్లనా నేను? ఆ రోజు నుంచి నా గొంతును నేనే కాపలా కాయడం మొదలుపెట్టాను. పొద్దున లేవగానే మింగి చూసుకునేదాన్ని. నొప్పి ఉందా, లేదా, ఉన్నట్టుందా? బడిలో పక్క పిల్ల దగ్గితే చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరికి జరిగేదాన్ని. అమ్మ చేత ఉప్పు నీళ్ళు కాయించుకుని పుక్కిలించేదాన్ని. పడుకున్నాక రొమ్ము మీద చెయ్యి వేసుకుని లబ్‌డబ్ వినేదాన్ని. ఆ చప్పుడు మారిందేమో అని వింటూ వింటూ ఉంటే అది నిజంగానే వేగంగా కొట్టుకునేది. అది నా భయానికి కొట్టుకుంటోందా, రోగానికి కొట్టుకుంటోందా తెలిసేది కాదు.

వారం గడిచింది. "ఇంక రాలేదట" అన్నాడు బాపు. ఇంకో వారం గడిచింది. "వేరే దవాఖానకు తోలుకపోరాదు?" అంది అమ్మ. "ఎవరు వడితె వాళ్ళేస్తే రియాక్షన్ అయి పానం మీదికొస్తది. ఆమెనే రానీ" అన్నాడు. అందులో అబద్ధం లేదు, అందుకే అమ్మ నమ్మింది. అమ్మ సుబేదారి వైపు ఎన్నడూ పోయింది కాదు. దవాఖాన సంగతులన్నీ బాపువి, మగ్గం సంగతులన్నీ ఆమెవి. రెండో సూది కూడా తప్పింది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రోజూ నన్ను చూస్తూనే ఉన్నాడు కదా, నా ఉప్పు నీళ్ళు చూస్తూనే ఉన్నాడు కదా! రేపు పోదాం, రేపు పోదాం అని తనకు తాను చెప్పుకుని ఉంటాడు. బంపర్ ముక్క మీద బొబ్బ లేవని రోజున, కారు మళ్ళీ చేసిస్తానమ్మా అని తలెత్తి చెప్పగలిగిన రోజున పోదామనుకుని ఉంటాడు. ఆ రోజు రాలేదు.

గొంతు నొప్పి వచ్చింది. నేను చెప్పాను. అమ్మ మిరియాల కషాయం ఇచ్చింది. అది తగ్గి, శ్రావణం వచ్చాక ఒక పొద్దున లేస్తే ఎడమ మోకాలు మడత పడలేదు. ఎర్రగా, నున్నగా, వేడిగా ఉంది. నేను ఎవరినీ పిలవకుండా దాన్ని చూస్తూ కూర్చున్నాను. బాపు మొహం కడుక్కుని వస్తూ చూశాడు. ఆయన చేతిలోని చెంబు అక్కడే జారింది.

అమ్మ వీధిలోకి పోయి రిక్షా పిలుచుకొచ్చింది. అప్పుడు గానీ బాపుకు నోరు పెగల్లేదు.

"డాక్టరమ్మ ఊర్లనే ఉన్నది. ఎటూ పోలే" అన్నాడు.

"మరెందుకు జెప్పినవట్ల?"

"కారుకు బొబ్బలు లేచినయ్. నాకు మొఖం చెల్లలే."

అమ్మ ఆయనకేసి చూసిన చూపు నేను మరిచిపోలేను.  నన్ను రిక్షాలో పడుకోబెట్టి, నా తల ఒళ్ళో పెట్టుకుంది. బాపు సైకిల్ మీద వెనకే వచ్చాడు. ఎక్కుడు వచ్చిన చోట దిగి, రిక్షాను వెనక నుంచి ఒక చేత్తో నెట్టాడు.

కారు గేటు లోపలే ఉంది. బొబ్బలు పగిలి పొలుసులు లేచి, కింద పాత పసుపు రంగూ, బూడిద రంగు అస్తరూ బయటపడ్డాయి. బాపు ఆ పక్కకు తిరగకుండా నన్ను ఎత్తుకుని లోపలికి నడిచాడు. ఆయన గుండె నా చెవికి తగులుతూ దడదడా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ నన్ను చూడగానే కుర్చీలోంచి లేచింది. మోకాలు పట్టి చూసి, నా గౌను కిందికి గొట్టం పెట్టి వినసాగింది. విన్నది. గొట్టం జరిపి మళ్ళీ విన్నది. నన్ను ఎడమ వైపుకు ఒత్తిగిలమంది, ఊపిరి బిగబట్టమంది. మొదటిసారి ఇంతసేపు వినలేదని నాకు తెలుసు. 

"ఎన్ని సూదులు తప్పాయి?"

"రెండమ్మా" అన్నాడు బాపు.

"ఎందుకు?"

ఆయన లుంగీ అంచు సర్దుకున్నాడు.  నాకు కోపమొచ్చింది. పడుకున్న చోటి నుంచే నేను చెప్పాను: "కారుకు బొబ్బలొచ్చినయని బాపు సిగ్గుపడ్డడు."

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. కిటికీలోంచి కారు వైపు చూసింది, మళ్ళీ బాపు వైపు చూసింది. ఆమె మొహం ఎర్రబడింది.

"దాని కోసమా? ఆ డొక్కు బండి కోసమా? వాన పడితే ఊడింది, ఊడితే ఊడింది అనుకున్నాను. నువ్వెందుకు రావట్లేదా అని రెండుసార్లు కాంపౌండర్ని అడిగాను. కొత్తవాడలో ఎక్కడుంటావో, నీ షెడ్డు ఎక్కడో ఇక్కడ ఎవరికీ తెలియదు. ఏమయ్యా, కారు తోలు ఊడితే గీకి ఇంకో తోలు వేస్తావు. ఈ పిల్ల గుండె లోపలి పొర మీద మచ్చ పడింది. దాన్ని ఏం పెట్టి గీకుతావు? ఏ రంగు వేస్తావు?"

అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. ఇదివరకు లేని చప్పుడు ఒకటి వినిపిస్తోందని చెప్పింది. ఇప్పటికి చిన్నదేననీ, ఇకమీదట జాగ్రత్తగా ఉంటే నేను చదువుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, నా పనులు నేను చేసుకోవచ్చుననీ చెప్పింది. తర్వాత, "పద్దెనిమిదేళ్ళ దాకా అన్నాను కదా, ఆ మాట ఇక లేదు. బతికినన్నాళ్ళూ వేయించుకోవాలి" అంది.

బాపు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఏడుస్తాడనుకున్నాను. కాళ్ళ మీద పడతాడనుకున్నాను. అవేవీ చేయలేదు. ఆమె సూది సిద్ధం చేసుకుంటుంటే రెండడుగులు ముందుకొచ్చి, మామూలు గొంతుతో అడిగాడు.

"అమ్మా, నా అడ్రస్ రాసుకోన్రి. నా మీద నాకు నమ్మకం లేదు. మళ్ళ ఎప్పుడన్న నాకు మొఖం చెల్లకపోతె నేను రాను, నాకెరుక. అప్పుడు మీరు ఎవరినన్న తోలి, నన్ను గల్లపట్టి గుంజుక రమ్మనున్రి."

డాక్టరమ్మ మందు గుంజుతూ తలెత్తకుండానే అంది: "ఎవర్నో ఎందుకు పంపుతాను? నేనే వస్తాను. ఆ కారుకు ఒక్క చుక్క రంగు వేయించను. ఇట్లాగే వేసుకొచ్చి మీ షెడ్డు ముందు, నలుగురూ చూసేటట్టు పెట్టి, హారన్ కొడతాను."

అన్నమాట ప్రకారం ఆమె ఆ కారుకు ఎన్నడూ రంగు వేయించలేదు. ప్రతి మూడు వారాలకూ బాపు నన్ను వెంటబెట్టుకుని దాని పక్క నుంచే నడిచాడు, నేను పెద్దదాన్నయి ఒక్కదాన్నే పోగలిగిన తర్వాత కూడా. హారన్ కొట్టే అవసరం ఆమెకు ఒక్కసారీ రాలేదు. ఆయన మీద కోపం నాకు పూర్తిగా పోలేదు, ఆయన పోయాక కూడా పోలేదు. ఈసారి సూది మొన్ననే పడింది, ఇంకా ఒక పక్కకు ఒరిగే కూర్చున్నాను.